తిరగేసిన బల్ల

చివరి స్టాపులో అందరూ దిగినా ఒక ప్రయాణికుడు బస్సు దిగలేదు. కండక్టరు విసుక్కుంటూ భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు, నోరు తెరుచుకుంది. పంటి చిగురు మీద సూది గుచ్చిన చిన్న గుర్తు తప్ప ఒంటిమీద గాయం లేదు.

చచ్చిపోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ కొరియర్, రహస్య కబుర్లు మోసేవాడు. చంపినవాడు ఎవరో డిపార్ట్‌మెంట్ చీఫ్‌కి తెలుసు. పేరున్న డెంటిస్టు, విదేశీ ముఠాకి నాయకుడు. పట్టుకోవడం ఎంతసేపు? కానీ వాడు ఊళ్ళో బాంబు పెట్టాడని కబురు, అదెక్కడో తెలియకుండా పట్టుకుని ఏం లాభం?

బ్రీఫింగ్ రూములో చీఫ్ టూకీగా చెప్పాడు. సాయంత్రం శాంతి చర్చల బృందం రైలు దిగి, హార్బర్‌కి వెళ్ళి ఓడ ఎక్కుతుంది. బాంబు స్టేషన్లో ఉండొచ్చు, హార్బర్‌లో ఉండొచ్చు. ప్రయాణం రద్దు చేస్తే యుద్ధం తప్పదు. రెండు చోట్లా జల్లెడ పట్టడానికి బాంబ్ స్క్వాడ్ ఒక్కటే ఉంది. ఇక ఆశంతా సింగర్ మీదే.

సింగర్ పెద్ద హోటల్లో పాడేది. పచ్చ సిల్కు గౌనులో ఆమె స్టేజీ ఎక్కితే బేరర్లు బిల్లులు మర్చిపోయేవారు. డెంటిస్టు ఆమెని తన గూఢచారి అనుకున్నాడు. డిపార్ట్‌మెంట్ ఆమెని తన మనిషి అనుకుంది. చీఫ్‌కి మాత్రం ఆమె మీద నమ్మకం లేదు. చీఫ్‌కి తన నీడ మీద కూడా నమ్మకం లేదు లెండి.

ఆమెతో చాటింగ్ చేసే పని ఏజెంట్‌ది. ఫోన్ ఎవరి చేతిలోనైనా పడుతుందని బావామరదళ్ళ వేషం కట్టారు. చదివిన మెసేజ్ చదివినట్టే చెరిగిపోయే యాప్. అందులో బొమ్మలు పంపలేం, అక్షరాలూ గుర్తులూ మాత్రమే పంపగలం. అందుకే ఆమె జపాన్ పద్ధతిలో బ్రాకెట్లు, గీతలు, చుక్కలు పేర్చి మొహాలు చేసేది. ఆ మొహాలని ఇంగ్లీషువాటిలా తల పక్కకి వంచి చూడక్కర్లేదు, భావమంతా కళ్ళలోనే ఉంటుంది. సంతోషమైతే (^_^), ఏడుపొస్తే (T_T). కోడ్ విభాగంవాళ్ళు ఏజెంట్ రాసిచ్చిన ఆ మొహాల్లో రహస్యం ఉందని వారం రోజులు తల బద్దలుకొట్టుకుని, ఏమీ లేదని తేల్చారు.

కోపమొస్తే బల్ల తిరగేసేది: (╯°□°)╯︵ ┻━┻. వెంటనే తనే మళ్ళీ సర్దేది: ┬─┬ノ(º_ºノ). ఎందుకని ఒకసారి ఏజెంట్ అడిగాడు. స్టేజీ ఎక్కకముందు అదే హోటల్లో తను బల్లలు తుడిచేదాన్నని, పడేసిపోయేవాళ్ళంటే తనకి ఒళ్ళుమంటని రాసింది. "ఎప్పుడైనా నేను బల్ల సర్దకుండా పోతే, అది నేను కాదనుకో మొద్దు బావా" అని కూడా రాసింది.

అంతటికీ ఏజెంట్ జవాబు "సరే". రెండేళ్ళుగా దేనికైనా ఆ ఒక్క మాటే. మొద్దు అని ఊరికే అన్లేదు. మనసులో ఎంత ఉన్నా ఒక్క మొహం కూడా పంపలేదు.

నాలుగు దాటాక ఫోన్ మోగింది.

"బావా, వాన వెలిసింది. హార్బర్, ఏడో గోడౌన్. ఇక విసిగించకు (╯°□°)╯︵ ┻━┻"

వాన వెలిసింది అన్నది, కబురు నిజమని తెలిపే అసలైన కోడ్ వర్డ్. స్క్వాడ్‌ని హార్బర్‌కి పంపించమని చీఫ్ అప్పటికే ఫోన్ ఎత్తాడు. ఏజెంట్ స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. రెండో బల్ల కోసం చూశాడు. రాలేదు. ఇంకాసేపు చూశాడు.

"హార్బర్ కాదు సార్. ఎవడో పక్కన నిలబడి రాయిస్తున్నాడు. బల్ల సర్దలేదు."

"దేశం తగలబడిపోతుంటే ఫర్నిచర్ గొడవేంటయ్యా?" అన్నాడు చీఫ్. స్క్వాడ్ హార్బర్‌కే వెళ్ళింది. నీ చావు నువ్వు చావమని ఏజెంట్‌ని ఒక్కణ్ణీ స్టేషన్‌కి వదిలాడు.

ఆమె డెంటిస్టు క్లినిక్‌లోనే ఉండుంటుంది. ఆ క్లినిక్ ఊరికి ఈ చివర, స్టేషన్ ఆ చివర. ఆమె దగ్గరికి పోతే రైలు పోతుంది. ఏజెంట్ (T_T) అని టైప్ చేశాడు. ఎప్పుడూ లేనిది ఈవేళ ఆ మొహం వెళ్తే డెంటిస్టుకి అనుమానం వస్తుంది, ఆమెని అక్కడికక్కడే చంపేస్తాడు. చెరిపేసి, ఎప్పటిలాగే "సరే" అని పంపాడు.

పోర్టర్ చొక్కా తొడుక్కుని స్టేషన్లో సామాన్ల గది మొత్తం గాలించాడు. మూల ఒక ట్రంకుపెట్టె, మూత మీద సింగర్ ఫోటో. పోస్టర్లో లాగే నవ్వుతోంది. లోపల పచ్చ సిల్కు గౌను, దాని కింద బాంబు, బాంబుకో టైమర్. ప్లాట్‌ఫామ్ మీదికి రైలు వస్తోంది, గది కిటికీలు అదురుతున్నాయి. టెక్నికల్ సెక్షన్ ఇచ్చిన పెన్ను తీశాడు. అది రాయదు, వైరు కోస్తుందట. ఇంతవరకు ఆ రెండూ చేయలేదు. టైమర్‌లో ఒక్క సెకను మిగిలుండగా కోసింది.

ఫస్ట్ క్లాస్ వెయిటింగ్ రూములో డెంటిస్టు, ఊరు దాటే బండి కోసం వాచీ చూసుకుంటున్నాడు. పోర్టరనుకుని ఏజెంట్‌కి తన సూట్‌కేసు అప్పగించబోయి, బేడీలు వేయించుకున్నాడు.

"ఆమె ఎక్కడ?"

"నా కుర్చీలో ఉంది. నొప్పి తెలియనివ్వలేదు" అన్నాడు డెంటిస్టు, పేషెంటు తాలూకు మనిషికి చెప్పినట్టు.

అన్నట్టే ఉంది. ఏజెంట్ క్లినిక్‌కి వెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. కుర్చీ సందులో ఫోన్ పడి ఉంది. టైప్ చేసి పంపని మెసేజ్ ఒకటి ఇంకా తెర మీద ఉంది: ┬─┬ノ(º_ºノ). పంపితే హార్బర్ మాట నిజమని బావ అనుకుంటాడని ఆమెకి తెలుసు. ఆ "సరే" చూశాక, బావకి అర్థమైందని నమ్మింది. డెంటిస్టు సూది తీసుకునేలోపు తన బల్ల తను సర్దుకుంది. ఏజెంట్ ఆ ఫోన్ తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు.

మర్నాడు చీఫ్ బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఆమె ఫోన్ కదిలింది. చీఫ్ ఉలిక్కిపడి చూశాడు. బావ దగ్గర్నుంచి మెసేజ్. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ తన ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు.

తెర మీద (T_T) అని ఒక్కటే ఉంది.

"ఇందులో కోడ్ ఏముంది?" అడిగాడు చీఫ్.

"కోడ్ లేదు సార్. ఏడుపు."

మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడే చీఫ్‌కి ఒక్క మాటే దొరికింది.

"సరే" అన్నాడు.