ఉలికి కట్టిన తెల్లగుడ్డ

ఆ కమ్మరింట్లో కొలిమికన్నా ముందు పెద్దాయన నోరు రాజుకుంటుంది. ఆ పొద్దున కొడుకు చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు ఆస్పత్రిలో తీసేసి ఇరవై రోజులైంది.

"పెళ్లికూతురిలా ఎంతసేపురా ముస్తాబు? ఎడమ చెయ్యి ఉందిగా, దాంతో ఉలి పట్టు. నేను కొడతాను."

"వస్తున్నా నాన్నా."

"ఈసారైనా కదలకుండా పట్టు. నలభై ఏళ్లు సమ్మెట ఎత్తాను, ఒక్క దెబ్బ గురి తప్పలేదు. నువ్వు చెయ్యి కదిపి నా పరువు తీశావు."

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆయన ఇదే మాట అన్నాడు. కొడుకు ఒక్కసారీ కాదనలేదు. దాంతో ఆయనకూ అదే నిజమని నమ్మకం కుదిరింది.

కోడలు టీ గ్లాసు తెచ్చింది. రోజూ మామగారి వేళ్లకు తగిలేలా పెట్టేది. ఈరోజు జానెడు అవతల పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన చెయ్యి బల్లంతా తడిమింది. గ్లాసు దొర్లి టీ అంతా ఒళ్లో పడింది.

"కళ్లు నెత్తికెక్కాయా నీకు?"

"నా కళ్లు బాగానే ఉన్నాయి మామయ్యగారూ. మీకే కనబడటం లేదు."

"నువ్వూరుకో," అన్నాడు భర్త.

"ఇరవై రోజులు ఊరుకున్నాను. ఆ ఎడమ చెయ్యి కూడా పోయేదాకా ఊరుకోమంటారా?" మామగారి వైపు తిరిగింది. "ఏడాదిగా మీ అబ్బాయి ఉలి తలకింద తెల్లగుడ్డ చుడుతున్నారు, మీకు ఆనవాలు తెలియాలని. ఆ రోజు నలుగురి ముందూ 'ఉలికి లంగోటీ ఏంట్రా' అని నవ్వి, మీరే పీకేశారు. మొదటి దెబ్బే వేళ్లమీద పడింది. ఆయన చెయ్యి కదపలేదు. మీ గురి తప్పుతుందని తెలిసీ కదపలేదు."

పెద్దాయన కొడుకున్న వైపు మొహం తిప్పాడు. "నిజమేనా?" అన్నాడు.

"సమ్మెట దించమంటే నువ్వు బతకవనుకున్నాను నాన్నా."

ఆయన లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి, కొడుకు చొక్కా అందుకున్నాడు. గుండీ దొరికింది గానీ కన్నం దొరకలేదు. వెతుకుతున్న చేతికి కొడుకు కుడిచెయ్యి తగిలింది. వేళ్లు లేనిచోట కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అన్ని రోజుల్లో ఆయన ఆ చెయ్యి ముట్టుకోవడం అదే మొదలు. పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఫర్వాలేదులే నాన్నా" అనబోయాడు కొడుకు.

కోడలు అతని భుజం పట్టి ఆపింది.

"ఏడవనివ్వండి," అంది.