పాయింట్స్‌మన్ వాహెద్ పచ్చజెండా

"ఎర్రవాగు స్టేషన్ తెలుసా, కైలాసం?"

చీఫ్ ప్రశ్నకు ఏజెంట్ కైలాసం సిగరెట్ వెలిగించబోయి ఆగాడు. తెలుసు. మరిచిపోదామన్నా మరుపు రాదు.

"మంచిర్యాల దాటాక వస్తుంది సార్. చిన్న స్టేషన్."

"రేపు సాయంత్రం నాలుగుంబావుకు ఆయుధాల స్పెషల్ అటు వెళ్తుంది. సరిహద్దులో మనవాళ్లు దానికోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నారు. వాగు వంతెన మీద దాన్ని పడగొట్టాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్ నర్మద ఉంది. కోడ్: 'వాగుల నీళ్లెన్ని?' జవాబు: 'మోకాలి లోతు'."

చీఫ్ ఒక పాత ఫైలు ముందుకు తోశాడు.

"నలభై ఎనిమిదిలో ఆ స్టేషన్ మీద రిపోర్టు రాసింది నువ్వేగా. అందుకే నిన్ను పంపుతున్నాను."

ఫైలు తెరవనక్కర్లేదు. అందులో ప్రతి అక్షరం కైలాసానికి కంఠతా వచ్చు. అవి పోలీస్ యాక్షన్ రోజులు. తనకు ఇరవై మూడేళ్లు. ఎవడో ఒకణ్ణి పట్టించి పేరు కొట్టెయ్యాలన్న ఆత్రం. 'పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ వాహెద్ రోజూ నాలుగింటికి, రైలు లేకున్నా, పట్టాల అవతలికి పచ్చజెండా ఊపుతున్నాడు. సంకేతానికి అర్థం: తెలియదు. ప్రమాదకరం.' ఆ ఒక్క కాగితంతో వాహెద్‌ను పట్టుకుపోయారు. ఏ నేరమూ రుజువు కాలేదు. ఎనిమిది నెలలకు జైల్లోనే పోయాడు. కైలాసానికి ప్రమోషన్ వచ్చింది.

మర్నాడు నాలుగు కావస్తుండగా తునికాకు కాంట్రాక్టర్ ఒకడు ఎర్రవాగులో దిగాడు. తెల్లధోవతి, నల్లకోటు, చంకలో ట్రాన్సిస్టర్. బ్యాటరీలు ఉండాల్సిన చోట పిస్టల్ ఉంది. నల్లకళ్లద్దాలు, గులాబీ జార్జెట్ చీరలో ఒకామె సెంటు గుబాళిస్తూ పక్కకు వచ్చింది.

"వాగుల నీళ్లెన్ని?"

"మోకాలి లోతు."

"ముఠావాడు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్ వేషంలో ఇప్పుడే వంతెన వైపు పోయాడు. ఇద్దరం వెళ్దాం, రండి."

కైలాసం కదలలేదు. ప్లాట్‌ఫాం చివర చాయ్ కొట్టు ముసలావిడ పట్టాల అవతలికి పచ్చజెండా ఎత్తబోతోంది. గడియారంలో సరిగ్గా నాలుగు.

"నువ్వు పద. అసలు దొంగ ఇక్కడుంది," అంటూ పరుగెత్తాడు.

పిస్టల్ చూసి ముసలావిడ బెదరలేదు. విసుక్కుంది.

"గదేంది సేఠ్? జర పక్కకు జరుగు."

"ఎవరికి సైగ చేస్తున్నావ్?"

"మా రషీదాకు. నా బిడ్డ. గా ఇండ్లల్ల ఉంటది. కొట్టు బందువెట్టి వస్తున్న, పెనం పొయ్యి మీద పెట్టు అని. నా మొగడు నాకు గిట్లనే ఊపేటోడు. డ్యూటీ దిగంగనే వేడి రొట్టె గావాలె ఆయనకు. గీ జెండాకే పోలీసోళ్లు పట్కపోయిన్రు. మల్ల రాలే."

"ఆయన పేరు?" అడగాల్సిన పని లేదు. అయినా అడిగాడు.

"వాహెద్. నేను మహబూబ్‌బీని."

కైలాసం పిస్టల్ దించాడు. ఆకలేసిన మనిషి రొట్టె అడిగితే దాన్ని దేశద్రోహమని రాశాడు తను. ఈ రోజు అదే చేతికి పిస్టల్ ఇచ్చి పంపారు. భూమి చీలితే అందులోకి పోవాలనిపించింది.

నర్మద రొప్పుతూ వచ్చింది. చీర చిరిగింది, కళ్లద్దాలు లేవు.

"వాణ్ణి కట్టేశాను. కానీ అప్పటికే వంతెన మీద పట్టాల బోల్టులు విప్పేశాడు. టెలిఫోన్ తీగ కోసేశాడు. మీరు వచ్చుంటే ఆపేవాళ్లం!"

దూరంగా ఇంజన్ కూత వినబడింది. వంతెన అవుటర్ సిగ్నల్‌కు అవతల, బండి వచ్చే వైపే ఉంది. సిగ్నల్ ఎర్రగా వేసినా లాభం లేదు, ఆగేలోపు బండి వంతెన మీదికి వచ్చేస్తుంది. పిస్టల్ పేల్చినా ఇంజన్ రొదలో డ్రైవర్‌కు వినబడదు.

మహబూబ్‌బీ కొట్టు కింది రేకుపెట్టె తెరిచింది. వెలిసిన ఎర్రజెండా తీసి కైలాసం చేతిలో పెట్టింది.

"ఆయనదే. ఉరుకు!"

కైలాసం ఉరికాడు. ధోవతి ఎగ్గట్టి, ట్రాన్సిస్టర్ పారేసి, వంతెన స్లీపర్ల మీద తప్పటడుగులు వేస్తూ అవతలి ఒడ్డుకు చేరి జెండా ఊపాడు. బ్రేకులు కీచుమన్నాయి. నిప్పురవ్వలు లేచాయి. ఇంజన్ అతనికి రెండు గజాల ముందు ఆగింది.

"జెండా ఎవరిది?" డ్రైవర్ కిందికి దూకి అడిగాడు.

"పాయింట్స్‌మన్ వాహెద్‌ది," అన్నాడు కైలాసం.

వెనక్కి వచ్చి ఆమె ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"బీబీ, అప్పుడు ఆ కాగితం రాసింది నేనే."

మహబూబ్‌బీ ఎర్రజెండా తీసుకుని మడిచి, పెట్టెలో పెట్టింది.

"మాఫ్ చేసుడు నాతోని కాదు," అంది. "బిడ్డ పరేషాన్ అయితుండొచ్చు. గా పచ్చది నువ్వే ఊపు. ఎందుకు ఊపుతమో ఎరుకైంది గద."

కైలాసం ఊపాడు. కాసేపటికి పట్టాల అవతల ఒక ఇంటి మీద పొగ లేచింది.

హైదరాబాదులో చీఫ్ పాత ఫైలు తిరగేసి కనుబొమలు ముడిచాడు. 'తెలియదు. ప్రమాదకరం' అన్నది కొట్టేసి, పక్కన కొత్త సిరాతో రాసి ఉంది: 'పెనం పొయ్యి మీద పెట్టు.'

"ఇదేం కోడ్ కైలాసం?"

"చాలా సులువైన కోడ్ సార్. విప్పడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది."