పైకప్పు ఊడ్చిన మనిషి

ఆదివారం పొద్దున దాసిల్ లేచేసరికే తండ్రి ఎవారిస్తో గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇళ్ళు పోయినవాళ్ళకని ప్రభుత్వం ఇచ్చిన ఆ చెక్క గదుల్లో ఒకరు గ్లాసు కింద పెడితే ఇంకొకరికి నిద్ర తేలిపోతుంది. తల్లి ఒబ్దూలియా పాలల్లో గోఫియో, అంటే వేయించి విసిరిన గింజల పిండి, కలుపుతూ చెంచాను గిన్నె అంచుకేసి కొడుతోంది.

"ఇవాళ ఇద్దరు రావట్లేదన్నావుగా. బండిలో సీట్లు ఖాళీయే. మేమిద్దరం వస్తాం," అన్నాడు ఎవారిస్తో.

కాఫీ పోసుకుంటున్న దాసిల్ చెయ్యి ఆగింది. లా పాల్మా ద్వీపానికి వచ్చినవాళ్ళను పొద్దున్నే బండెక్కించుకుని, అగ్నిపర్వతాలు మిగిల్చిన నల్ల ఇసుక తీరాలు మూడు చూపించి సాయంత్రానికి దింపడం ఆమె పని. మూడో తీరం అన్నిటికంటే కొత్తది. కొన్నేళ్ళ కిందట కొండ పగిలి, లావా వాళ్ళ ఊరి మీదుగా సముద్రంలోకి దిగినప్పుడు ఏర్పడింది. వాళ్ళ ఇల్లు ఆ దారిలోనే పోయింది. తండ్రి ఇంతవరకూ అటు తొంగిచూడలేదు.

"ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదు. ఇవాళే ఏమొచ్చింది నాన్నా?"

"నిద్ర పట్టట్లేదమ్మా. ఒకసారి చూసేస్తే పడుతుందేమో."

"ఏం చూస్తావయ్యా?" అంది ఒబ్దూలియా. "ఊడ్చడానికి అక్కడ పైకప్పు కూడా లేదు."

ఈ దెప్పు ఎవారిస్తోకు కొత్త కాదు. ఊరు ఖాళీ చేయించిన చివరి రోజున, కావలసినవి తెచ్చుకోమని ఒక్కో ఇంటికి పావుగంట ఇచ్చారు. చెల్లెలింట్లో తలదాచుకున్న ఒబ్దూలియా ఏమేం తేవాలో మరీ మరీ చెప్పి పంపింది. అతను అవేవీ ముట్టుకోలేదు. నిచ్చెన వేసుకుని మిద్దెక్కి, కప్పు మీద పేరుకున్న నల్ల బూడిదంతా ఊడ్చి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

దాసిల్ వెనకాడడానికి కారణం వేరే. ఆ సంగతినే ఆమె రోజూ మూడో తీరంలో నవ్వుకునే కథగా చెబుతుంది. ఎవరి కథో మాత్రం చెప్పదు. మొదట్లో ఆ చోట నోరు పెగలక ఏదో ఒకటి అనాలని ఆ కథ చెప్పింది. జనం నవ్వారు. నవ్వితే ఆ చోటు తొందరగా దాటిపోతుందని ఆమెకు తెలిసింది. ఇప్పుడా కథ నోటికి అలవాటైపోయింది. అలసటలో కూడా తడబడకుండా వచ్చేస్తుంది.

ఆ రోజు బండెక్కింది జరగోసా నగరం నుంచి వచ్చిన నలుగురు స్నేహితులు. వాళ్ళలో గలగలలాడే బెగోన్యా వెనక్కి తిరిగి, "వీళ్ళెవరు?" అని అడిగింది.

"మా ఊరివాళ్ళు," అంది దాసిల్.

అద్దంలో తల్లి చూపు తన మీద పడింది. తండ్రి కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మానాన్నలని అనవలసింది. మాట జారిన తర్వాత రోడ్డు మలుపులే తప్ప ఏమీ కనిపించలేదు.

మొదటి తీరంలో అలలకు అందరూ కేకలు పెట్టారు. రెండో తీరంలో ఒబ్దూలియా మేక జున్ను కోసి అందరికీ పెట్టింది. మూడోదానికి చేరేసరికి ఎండ వాలింది. బండి దిగగానే బెగోన్యా చప్పట్లు కొట్టింది.

"ఆ చీపురు ముసలాయన కథ చెప్పండి! తప్పకుండా వినమని మా అక్క మరీ మరీ చెప్పింది."

"ఇవాళ గాలి ఎక్కువగా ఉంది..."

"చెప్పమ్మా," అన్నాడు ఎవారిస్తో మెల్లగా. "నేనూ వింటాను."

దాసిల్ చెప్పింది. నిచ్చెన దగ్గర ఎప్పటిలాగే నవ్వారు. కింద పోలీసు ఈల వేస్తుంటే ముసలాయన "మూలలు మిగిలాయి, ఉండు బాబూ" అన్నాడనే చోట బెగోన్యా పగలబడి నవ్వింది.

"పాపం పిచ్చాయన! ఇల్లు నిలుస్తుందని అంత ఆశ!"

"ఆశేం లేదు," అన్నాడు ఎవారిస్తో. "లావా పక్క పెరట్లోకి వచ్చేసింది. నాకు తెలుసు."

నవ్వులు ఆగిపోయాయి.

"మీరేనా..." అని బెగోన్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే. ఈమె నా కూతురు."

దాసిల్ తల దించుకుంది. ఒబ్దూలియా మాత్రం దించుకోలేదు. ఇన్నేళ్ళ కోపమూ ఒక్కసారిగా మాటల్లోకి వచ్చింది.

"తెలుసా? తెలిసే ఊడ్చావా? మా అమ్మ కుట్టుపూల బల్లగుడ్డ గుమ్మం పక్క పెట్టెలోనే ఉంది కదయ్యా! చెయ్యి చాపితే అందేది!"

"పెట్టె దగ్గరికి వెళ్ళాను ఒబ్దూలియా. మూత తీశాను. పైన కప్పు కిర్రుమంది, అంత బరువు మోస్తోంది. ముప్పయ్యేళ్ళు మనల్ని కాచిన ఇల్లు. దాన్ని ఆ మురికితో వదిలి రాలేకపోయాను. అంతే. ఇంతకంటే నాకు చెప్పడం రాదు."

ఒబ్దూలియా ముఖంలో కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోవడం దాసిల్ చూసింది. ఆమె సముద్రం వైపు తిరిగింది.

"మా అమ్మ పోయేరోజు," అంది, "ఇక గంటలేనని డాక్టరు చెప్పాక కూడా నేను ఆవిడ తల దువ్వుతూ కూర్చున్నాను. చిక్కులు తీసి, జడ వేసి, పిన్నులు పెట్టి. నర్సులు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. నువ్వు తలుపు దగ్గరే నిలబడ్డావు. ఎందుకని అడగలేదు."

"ఎందుకడుగుతాను?"

"నేను ఇన్నేళ్ళూ అడుగుతూనే ఉన్నానయ్యా నిన్ను."

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఏ మూల ఏ గది ఉండేదో ఆ నల్లరాతి మీద వెతుకుతున్నట్టు చూశాడు.

దాసిల్ వాళ్ళ దగ్గరికి నడిచింది. "నాన్నా," అంది. అతను రెండో చెయ్యి చాపి ఆమెను కూడా దగ్గరికి లాక్కున్నాడు.

బండి దగ్గర నిలబడ్డ నలుగురిలో ఒకతను గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, చీకటి పడకముందే దింపుతామన్నారు..."

"పడనివ్వండి," అంది దాసిల్. "మా అమ్మానాన్నలు ఇంకా చూస్తున్నారు."