తయారీ ఆపేసిన బండి

ఆదివారం పొద్దున్న స్నానాల గది ముందు ఎప్పటిలాగే వరస కట్టారు. లోపల తాతయ్య ఉన్నాడు. బయట చిట్టి తువ్వాలు భుజాన వేసుకుని ఒంటికాలి మీద గెంతుతోంది. దాని వెనక పెద్దపాప గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటోంది.

"చిట్టీ, గెంతకు. పడి పళ్లు రాలగొట్టుకుంటావు," అని వంటింట్లోంచి అరిచింది అమ్మడు. తరవాత గొంతు తగ్గించి, "పెద్దపాపా, నువ్వూ వస్తావు కదా బండి చూడటానికి? నీ ఇష్టమే అనుకో," అంది.

నలభయ్యేళ్లు దగ్గర పడుతున్నా ఆమెకు పుట్టింటి ముద్దుపేరే నిలిచిపోయింది. కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షలు చేస్తుంది. భర్త హైస్కూల్లో లెక్కలు చెబుతారు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. పదిహేడేళ్ల పెద్దపాప ఆయన కూతురు, తొమ్మిదేళ్ల చిట్టి ఆమె కూతురు. మాస్టారి మొదటి భార్య పోయాక పెద్దపాపను పెంచిన అమ్మమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి అమ్మడి తండ్రి కూడా వచ్చి చేరాడు. అలా మూడు గదుల ఇంట్లో ఆరుగురయ్యారు.

ఇంట్లో ఎలాగోలా సర్దుకున్నారు గాని కారులో మాత్రం కుదరలేదు. ఐదుగురు పట్టే కారు కావడంతో ఎక్కడికి బయల్దేరినా ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాల్సి వచ్చేది. పోయిన నెల ఆ కారుకు గేర్లు పడటం మానేశాయి. బాగు చేయించడం దండగని మెకానిక్ తేల్చేశాడు. అప్పట్నుంచి అమ్మడి మనసులో ఒకటే మాట పడింది. ఈసారి కొంటే అందరూ పట్టే బండే కొనాలి.

వెతగ్గా వెతగ్గా పాత మినీవ్యాన్ ఒకటి దొరికింది. ఏడు సీట్లు, పక్కకు జరిగే తలుపు, తాతయ్య కాలు ఎత్తకుండానే ఎక్కగలిగేంత కింద నేల. ధర కూడా వాళ్లకు అందుబాటులోనే ఉంది. చిక్కల్లా ఒక్కటే, ఆ మోడల్ తయారీ కంపెనీ ఆపేసి చాలా ఏళ్లయింది.

ఆ సంగతి చెప్పినప్పటి నుంచి ఇంట్లో తలా ఒక మాట మొదలైంది.

"విడిభాగాలు దొరకవు అమ్మడూ," అన్నారు మాస్టారు. "చిన్న కారు చూద్దాం."

"అంత పెద్ద బండి మనకెందుకమ్మా. తిప్పడానికే వీధి చాలదు," అంది అమ్మమ్మ.

"చిన్నదైతే పెట్రోలు కలిసొస్తుంది," అన్నాడు తాతయ్య.

పెద్దపాప ఫోనులోంచి తలెత్తి, "రొట్టెల బండిలా ఉంది పిన్నీ," అని మళ్లీ తలదించుకుంది.

అమ్మడికి అంతా అయోమయంగా ఉంది. ఇన్నాళ్లూ కారు ఇరుకని సణిగింది వీళ్లే. మోకాళ్లు పట్టడం లేదన్నది తాతయ్య, కిటికీ పక్క చోటు కోసం చిట్టితో పోట్లాడింది పెద్దపాప. తీరా పెద్ద బండి వస్తానంటే నలుగురూ ఏకమై వద్దంటున్నారు. వద్దనడానికి కారణాలు మాత్రం పూటకొకటి చెబుతున్నారు. తను ఏదో గమనించకుండా వదిలేసిందని అనిపిస్తోంది గాని, అదేమిటో అంతుబట్టడం లేదు.

"కొనడం కొనకపోవడం తరవాత. అందరూ వచ్చి ఒకసారి ఎక్కి దిగండి," అని ఆమె పట్టుబట్టింది. రెండు అద్దె కార్లలో బయల్దేరారు.

బండి అమ్మేది పూలకొట్టావిడ. పెళ్లిళ్లకూ సభలకూ పూలు మోసిన వ్యాన్ కావడంతో, తలుపు తియ్యగానే వాడిన రేకుల వాసన, తడి నేల వాసన కలిసి కొట్టాయి. అమ్మడు పిలిపించిన మెకానిక్ అప్పటికే బండి కింద దూరి ఉన్నాడు. కాసేపటికి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజను ఏనుగు లాంటిదండీ."

"అంటే మంచిదేనా?"

"మంచిదే. కాకపోతే ఏనుగంత మేత కావాలి. కింద కొంచెం తుప్పుంది. ఎక్కువేం కాదు. అలాగని తక్కువా కాదు."

"సామాన్లు దొరుకుతాయా?"

"ఇంజను సామాన్లు దొరుకుతాయి. తలుపు కింద జారే చక్రాల్లాంటివి మాత్రం పాత బండ్లనుంచి ఊడదీసినవే. వెతుక్కోవాలి."

"ఇంతకీ తీసుకోమంటారా, వద్దంటారా?"

మెకానిక్ బండిని ఒకసారి, ఇంటిల్లిపాదినీ ఒకసారి చూశాడు. "తీసుకోవచ్చు మేడమ్. తీసుకోకపోయినా నష్టం లేదు."

"మీరైతే తీసుకుంటారా?"

"నాకు సైకిలుంది మేడమ్," అని తన డబ్బు తను తీసుకుని వెళ్లిపోయాడు.

పూలకొట్టావిడ తాళాలు మాస్టారి చేతిలో పెట్టింది. "కొట్లో జనం ఉన్నారు, మీరే ఓ చుట్టు తిప్పి రండి. తలుపు కొంచెం మొండిది, నెమ్మదిగా వెయ్యండి."

ఎక్కేటప్పుడు ఇంకో వింత జరిగింది. మధ్య వరసలో హాయిగా చోటుంటే, అందరూ అట్టడుగు వరసకే ఎగబడ్డారు. పెద్దపాప ముందే దూరి మూల కూర్చుంది. అమ్మమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాని పక్కకు పాకుతోంది. తాతయ్య చేతికర్ర ముందు విసిరి తనూ వెనక్కే వెళ్లబోయాడు.

"నాన్నా, ఆ కాలితో వెనక్కి ఎలా వెళ్తావు? ఇక్కడ కూర్చో."

"మంచి సీట్లు మీకుంచుదామనమ్మా. నాకెక్కడైతేనేం."

చిట్టి ఒక్కతే మధ్యలో దర్జాగా కూర్చుని గ్లాసులు పెట్టుకునే గుంతలు ఎన్నున్నాయో లెక్కపెడుతోంది.

బండి మెత్తగానే సాగింది. పెద్దరోడ్డు మీద కొంతదూరం వెళ్లాక, మూసి ఉన్న ఒక ఫర్నిచర్ దుకాణం ముందు మాస్టారు ఆపారు, అమ్మడు కూడా నడిపి చూస్తుందని. కాలు చాపుకుంటానని తాతయ్య దిగబోయాడు. తలుపు జానెడు జరిగి ఆగిపోయింది. మాస్టారు దిగి బయట నుంచి లాగారు, నెట్టారు, తట్టారు. అది కదల్లేదు. రెండోవైపు తలుపే లేదు. ముందు సీట్ల మీదుగా చిట్టి దూకగలదు గాని పెద్దవాళ్ల వల్ల కాదు. పూలకొట్టావిడకు ఫోన్ చేస్తే, "ఉండండి, దానికో కిటుకుంది, నేనే వస్తాను," అంది.

మాస్టారు వచ్చి స్టీరింగు ముందు కూలబడ్డారు. "చూశావా అమ్మడూ. అందుకే చిన్న కారు తీసుకుందామన్నాను."

పొద్దుటినుంచీ బిగబట్టిన ఓపిక అమ్మడికి అక్కడ తెగింది. "చిన్న కారులో ఆరుగురం ఎలా పడతామండీ? ఒక్కరైనా చెప్పండి. పొద్దుపోక అడగట్లేదు, నాకు నిజంగా అర్థం కావట్లేదు."

చివరికి అమ్మమ్మ గొంతు సవరించుకుంది.

"ఆరుగురెందుకుంటామమ్మా. బడులు తెరిచేసరికి నేనుండను కదా. మా చెల్లెలు ఒంటరిగా ఉంటోంది, రమ్మంటోంది. అల్లుడు గారితో చెప్పాను."

అమ్మడు వెనక్కి తిరిగేలోపే తాతయ్య అందుకున్నాడు. "అదేమిటి చెల్లెమ్మ గారూ? మీరెందుకు వెళ్లడం? వెళ్లేది నేను. అబ్బాయి దగ్గరికి పోతాను. కూతురింట్లో ఎన్నాళ్లుంటాను? మీ గది మీకు వదిలేద్దామనే కదా."

"ఎవరితో చెప్పావు నాన్నా?"

"అల్లుడు గారితో చెప్పాను."

వెనక మూల నుంచి పెద్దపాప నెమ్మదిగా అంది. "తాతయ్య వెళ్లిపోతున్నాడు. అమ్మమ్మ వెళ్లిపోతోంది. మరి వాళ్లకు చోటు కావాలని నేనెందుకు హాస్టల్‌కి వెళ్తున్నట్టు?"

బండిలో చిట్టి కూడా లెక్కపెట్టడం ఆపేసింది. అమ్మడు భర్త వైపు చూసింది. ఆయన ఆగిన బండి స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని, నడుపుతున్నంత శ్రద్ధగా ముందుకు చూస్తున్నారు.

"ముగ్గురూ మీతోనే చెప్పారు. మీరేమన్నారు?"

"సరే అన్నాను."

"ముగ్గురితోనూ?"

"నీతో అనొద్దన్నారు. అమ్మమ్మ గారిని ఉండమంటే మీ నాన్నని వెళ్లమన్నట్టుంటుందేమో. ఆయన్ని ఉండమంటే ఈవిడ మనసు నొచ్చుకుంటుందేమో. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాప చదువుకి అడ్డు రాకూడదనుకున్నాను. ఏది తప్పో ఏది ఒప్పో నాకు తెలియలేదు అమ్మడూ."

"లెక్కల మాస్టారు కదా. ఆరులోంచి మూడు తీసేస్తే కారు సరిపోయిందనుకున్నారు."

అమ్మడు, అత్తగారు కాకపోయినా అత్తగారి చోటులో ఉన్న అమ్మమ్మ వైపు తిరిగింది. "నేనేం లోటు చేశానమ్మా?"

"లోటేం లేదు తల్లీ. ఇల్లు ఇరుకైపోయిందని నువ్వు ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాను. నా కూతురే లేని ఇంట్లో ఇన్నేళ్లుండటమే ఎక్కువ. నీ కన్నతండ్రికి లేని చోటు నాకెందుకు?"

"అన్నాను. ఇరుకే కదా మరి. ఇరుకన్నాను గాని ఎవర్నీ వెళ్లమనలేదే." అమ్మడు వెనక మూలకు తిరిగింది. "పెద్దపాపా, కనీసం నువ్వైనా నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"చెబితే మీరు 'నీ ఇష్టం' అంటారు."

"అంటే?"

"ఎప్పుడూ అదే కదా అంటారు. నాన్నేమో సరే అన్నాడు. అక్కడ తిండెలా ఉంటుందని కూడా అడగలేదు." ఆ పిల్ల కిటికీ వైపు మొహం తిప్పుకుంది. "ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారైనా వద్దన్నారా పిన్నీ? చిట్టిని రోజుకు పదిసార్లు వద్దంటారు. గెంతొద్దు, తడవొద్దు, చల్లటి నీళ్లు తాగొద్దు అంటారు. నేను వానలో తడిసొచ్చినా తువ్వాలు చేతికిచ్చి ఊరుకుంటారు. చుట్టాలమ్మాయితో ఉన్నట్టుంటారు."

ఎందరికో అద్దాలు మార్చి మార్చి చూపు సరిచేసే మనిషికి, రోజూ ఎదురుగా తిరిగే పిల్ల మనసు ఇన్నాళ్లూ ఆనలేదు. సవతి తల్లి అన్న మాట ఎక్కడ పడాల్సి వస్తుందోనని, ఆ పిల్లను పల్లెత్తు మాట అనకుండా పెంచింది. అదే ప్రేమ అనుకుంది. ఆ జాగ్రత్తే గోడై కూర్చుందని తెలిసేసరికి కళ్లలో నీళ్లు నిలిచాయి. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పే హక్కు తనకుందో లేదో ఇప్పటికీ తెలియడం లేదు.

"వెళ్లొద్దు," అంది చివరికి. "నాకు కారణాలు తెలియవు. చదువుకి అదే మంచిదేమో కూడా. అయినా వద్దు. వెళ్లొద్దు."

పెద్దపాప కిటికీ వైపు నుంచి తిరగలేదు. కానీ భుజాలు కదులుతున్నాయి. అమ్మమ్మ దాని తల ఒళ్లోకి లాక్కుంది.

మాస్టారు సీటు మీద నుంచి వెనక్కి వంగారు. "నేనూ వద్దనే అనాలమ్మా. ఆ రోజే అనాల్సింది."

"నువ్వు ఇంకోసారి సరే అన్నావంటే నేను నిజంగానే వెళ్లిపోతాను నాన్నా," అంది ఆ పిల్ల అమ్మమ్మ ఒళ్లోంచి.

"స—" అని నాలుక కరుచుకున్నారు మాస్టారు. ముందు నవ్వింది చిట్టి. ఆ నవ్వు ఒక్కొక్కరికీ పాకింది.

తాతయ్య కళ్లజోడు తుడుచుకుంటూ, "చెల్లెమ్మ గారూ, మీరు కదిలితే నేనూ కదులుతాను. ఆలోచించుకోండి," అన్నాడు.

"నాకు చెవులు సరిగ్గా వినపడవు అన్నయ్య గారూ. మీకు చూపు ఆనదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి కింద లెక్క. ఒక మనిషికి చోటు ఉండకపోదు," అంది అమ్మమ్మ.

అంతలో పూలకొట్టావిడ ఆయాసపడుతూ వచ్చింది. తలుపును ముందు లోపలికి నొక్కి, నడుముతో ఒక్కటిచ్చింది. అది కిక్కురుమనకుండా జారింది. లోపలున్నవాళ్ల మొహాలు చూసి ఆవిడ బెదిరిపోయింది.

"అయ్యో, ఇంతగా ఏడవాల్సిన పనేముంది. తలుపు చక్రాలు మార్పిస్తే బాగైపోతుంది. నచ్చకపోతే మానెయ్యండి, నేనేమీ అనుకోను."

"నచ్చింది," అన్నారు మాస్టారు.

"నచ్చిందా?" అని అమ్మడే తిరిగి అడిగింది. తనకైతే ఇంకా తెలియడం లేదు. తుప్పు ఎక్కువో తక్కువో తేలలేదు, చక్రాలు ఎక్కడ దొరుకుతాయో తెలియదు. అయినా వారం తిరక్కుండానే ఆ బండి వాళ్ల గుమ్మం ముందుకు వచ్చింది.

మంచి బండి కొన్నారో చెడ్డ బండి కొన్నారో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. చక్రాల కోసం మాస్టారు పాత బండ్ల కొట్లన్నీ తిరుగుతున్నారు. హాస్టల్ మాట మాత్రం మళ్లీ రాలేదు. అమ్మమ్మ చెల్లెలినే ఓసారి వచ్చి చూసి వెళ్లమన్నారు.

బండి వచ్చిన మర్నాడు తాతయ్యను ఆస్పత్రికి తీసుకెళ్తూ అందరూ ఎక్కారు. అమ్మడు నడుపుతోంది. అద్దంలో చూస్తే, మధ్య వరసలో పెద్దపాప చెప్పులతో సహా కాళ్లు ఎత్తి ఎదుటి సీటుకు తన్ని పెట్టి ఫోను చూసుకుంటోంది. అమ్మడి నాలుక చివరిదాకా 'నీ ఇష్టం' అన్న పాత మాటే వచ్చింది. మింగేసింది.

"కాళ్లు కింద పెట్టు. సీటంతా మట్టి చేస్తున్నావు. చెప్పులు తుడుచుకుని ఎక్కాలని తెలియదూ ఇంత పిల్లవి?"

పెద్దపాప కాళ్లు దించింది. మూతి ముడుచుకుని, "అబ్బా, మొదలెట్టావా పిన్నీ," అంది.

ఎప్పుడూ 'మీరు' అనే పిల్ల. రోడ్డు మసకగా కనిపిస్తుంటే, అమ్మడు బండి పక్కకు తీసి ఆపి, కళ్లు తుడుచుకుని మళ్లీ బయల్దేరింది.