మాణిక్యాంబ ఆవిరి గుడారం

మాణిక్యాంబ తల ఒక్కటే కనిపిస్తోంది. మెడ కిందంతా వెండి రంగు గుడారంలో ఉంది. లోపల యాభై డిగ్రీల ఆవిరి. పరీక్ష హాల్లో జనం నవ్వాపుకుంటూ చూస్తున్నారు. కళ్లజోడు తెచ్చుకోనిచ్చినప్పుడు గుడారం ఎందుకు కూడదని వాదించి మరీ తెచ్చుకుందావిడ.

ఆ కాలంలో కాకినాడలో ఒక నిబంధన ఉండేది. డెబ్బై దాటి ఒంటరిగా ఉంటున్నవాళ్లు ఆర్నెల్లకోసారి జ్ఞాపకశక్తి పరీక్షకు రావాలి. వరసగా రెండుసార్లు తప్పితే ఇంటికి తాళం పెట్టి సంరక్షణ గృహానికి వెళ్లాలి. డెబ్బై ఎనిమిదేళ్ల మాణిక్యాంబ పోయినసారి ఆ రోజు ఏ వారమో చెప్పలేక తప్పింది. ఇది రెండోసారి.

ఆ గుడారం, పక్కనే నిలబడ్డ డాక్టర్ ప్రభుదాస్ తయారు చేసినది. మడిస్తే చేతిసంచీలో పట్టేస్తుంది. బరువు నాలుగు కిలోలు. ఏ ప్లగ్గులో పెట్టినా పది నిమిషాల్లో వేడెక్కుతుంది. వేడికి రక్తనాళాలు విప్పారతాయి. మెడ చుట్టూ ఉన్న పట్టీలోని సెన్సర్లు, మెదడులో జ్ఞాపకాలుండే చోటికి రక్తం బాగా అందేలా చూస్తాయి. సూత్రం అంతే. ఇబ్బందులంటారా, అవీ ఉన్నాయి. కాళ్లు చాపుకోవడానికుండదు. నేలంతా తడి. ఆరబెట్టకుండా మడిస్తే మర్నాటికి ముక్కిన వాసన. గుండెజబ్బు ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు. పైగా చేతులు లోపలుంటాయి గనక, ముక్కు దురద పెడితే గోకడానికి ఇంకో మనిషి కావాలి.

పరీక్షాధికారి భానుతేజకి ముప్పై ఏళ్లు. అతను ట్యాబ్‌లో చూసి ప్రశ్నలు చదివాడు. ఆవిడ చెప్పుకుపోయింది: వారం, తిథి, పొద్దున తిన్న ఉప్మాలో జీడిపప్పు లేని సంగతి, తన పెళ్లికి వచ్చిన బ్యాండువాళ్ల ఊరు, రెండో క్లాసులో పక్కన కూర్చున్న పిల్ల ఇంటిపేరు. నలభైకి నలభై.

భానుతేజ ఒప్పుకోలేదు. గుడారమే జవాబులు అందిస్తోందన్నాడు.

"లేనిదాన్ని ఆవిరి ఎక్కణ్ణించి తెస్తుంది బాబూ? అనుమానముంటే నువ్వే కూర్చో. ఫోన్ మాత్రం బయట పెట్టు, తడిస్తే పాడైపోతుంది."

కూర్చున్నాడు. డాక్టరు జిప్పు మెడదాకా లాగాడు. ఈసారి ప్రశ్నలు మాణిక్యాంబవి. వారం దగ్గరే భానుతేజ కళ్లు బల్లమీది ఫోన్ వైపు పోయాయి.

"మీ అమ్మగారి పుట్టినరోజెప్పుడు?"

"ఫోన్ గుర్తు చేస్తుందండీ."

"ఫోన్ సంగతి కాదు నాయనా, నీ సంగతి చెప్పు."

నలభైకి ఆరు వచ్చాయి. ఎన్నడూ లోపల దాచుకోనిదాన్ని ఎంత రక్తం పంపినా వెతికి తియ్యలేమని డాక్టర్ ప్రభుదాస్ మెల్లగా చెప్పాడు.

మాణిక్యాంబ ఇల్లు మాణిక్యాంబకే మిగిలింది. పరీక్ష ముసలివాళ్లకేనా అని ఊరంతా నిలదీస్తే, ఒంటరిగా ఉండేవాళ్లందరికీ, ఏ వయసువాళ్లయినా సరే, నగరసభ దాన్ని వర్తింపజేసింది. ఏడాది తిరిగేసరికి సంరక్షణ గృహాలు కుర్రకారుతో నిండిపోయాయి. రెండోసారీ తప్పిన భానుతేజ కూడా అక్కడే ఉన్నాడు. ఆదివారాలు ముసలివాళ్లే క్యారియర్లు పట్టుకుని వాళ్లని చూడటానికి వెళ్తున్నారు.

"కిందటి ఆదివారం ఏం కూర తెచ్చాను?" అని అడిగింది మాణిక్యాంబ, క్యారియర్ మూత తీయకుండా.

అతను చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "కందా బచ్చలీ."

ఆవిడ వెంటనే తలూపలేదు. అవునో కాదో తనూ లోపల వెతుక్కుంది. పులుపు చాల్లేదని అతను పెట్టిన వంకతో సహా దొరికింది.

"ఒక మార్కు వేశాను," అంది, మూత తీస్తూ. "ఇక తిను."