కడారి బీరయ్య హత్య కేసు

నలభై మూడో మనిషి ఉన్నాడని తేల్చి, హైమవతి నలభై నాలుగో మనిషి కోసం పచ్చదీపం వెలిగించింది. గాజుగది తలుపు పక్కకు జరిగింది. అరవై దాటిన ముసలాయన ఒకడు భుజాన నల్ల గొంగడితో, చేతిలో కర్రతో లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఆమె బల్లమీది స్థితిపటంలో మాత్రం ఎవరూ రాలేదు. కాసేపటికి, ఉనికిని తేల్చే యంత్రం నిర్ధారిణి తన మామూలు మెత్తని గొంతుతో చెప్పింది.

"గదిలో గుర్తు తెలియని వస్తువు ఉంది. బరువు యాభై రెండు కిలోలు. దయచేసి తొలగించండి."

ముసలాయన తన వెనక్కి చూసుకున్నాడు. తర్వాత హైమవతి వైపు తిరిగి, "ఎవల్నమ్మా తీసెయ్యమంటున్నది?" అని అడిగాడు.

ఆమె స్థితిపటాన్ని మరోసారి చూసింది. కొత్తగట్టు స్థితి కేంద్రం తెరిచిన రోజు నుంచీ, అంటే తొమ్మిదేళ్ళుగా, ఆమె అక్కడ పరీక్షకురాలు. శిక్షణలో మొదటి రోజే సూత్రం కంఠతా పట్టించారు: స్పందన, చలనం, సహవాసం, ఈ మూడూ తెగకుండా నమోదైతే అది ఉనికి. మనిషి ఎదురుగా కనిపిస్తూ నమోదు లేకపోతే ఎలాగని ఆమె అడిగితే, కనిపించడం మీ కంటికి సంబంధించిన సంగతి, ఉండటం నిర్ధారిణికి సంబంధించిన సంగతి అన్నాడు శిక్షకుడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పూర్వం పండితులు ఉన్నదేది, లేనిదేది అని ఏళ్ళ తరబడి వాదించుకునేవారు. ఎవరూ గెలవలేదు కాబట్టి ఎవరికీ నష్టం కలగలేదు. ఇప్పుడు ఒక యంత్రాన్ని గెలిపించి, ఓడినవాళ్ళను గాజుగదిలో నిలబెడుతున్నారు.

"పేరు చెప్పండి పెద్దాయనా."

"కడారి బీరయ్య. కురుమోళ్ళం తల్లీ. నూటనలభై జీవాలున్నయి నాకు. నిన్న పొద్దుగాల నల్లమల దిగి వస్తుంటే గేటుకాడ ఆపి, మందనంత బందెలదొడ్ల తోలిన్రు. ఎవని గొర్లు అని అడిగిన్రు. నాయి అన్న. నువ్వు లేవు, నీకు గొర్లెట్లుంటయ్ అన్నరు. ఇయ్యాల మూడు గంటలకు లారీలల్ల కోతకు పంపుతరంట. నేనున్న అని ఒక్క చీటి ఇయ్యి. నా మందను నేను తోలుకపోత."

గోడమీద గడియారం ఒంటిగంట దాటింది. హైమవతి పేరు నమోదు చేసింది. స్థితిపటం నిండా అక్షరాలు పరుచుకున్నాయి. కడారి బీరయ్య, స్థితి: అస్థితం. చివరి జాడ రెండు నెలల కిందటిది. దాని కింద ఉన్న అంకె చూసి ఆమె కళ్ళు నులుముకుంది. పౌరయోగ్యత నూటికి తొంభై ఏడు. తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసిన తనకే ఎనభై ఒకటి. జాడబిళ్ళ లెక్క ప్రకారం ఈయన నాలుగేళ్ళపాటు రోజుకు పన్నెండు కిలోమీటర్లకు తగ్గకుండా నడిచాడు, వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు, ఎవరితోనూ మాటామాటా అనుకోలేదు, ఒక్క పూట కూడా ఒంటరిగా లేడు. వరసగా మూడేళ్ళు ఆదర్శపౌరుడు.

"మీ జాడబిళ్ళ ఏదీ?"

బీరయ్య తల దించుకున్నాడు. "కర్రోని మెడల ఉండె."

"కర్రోడెవరు?"

"మంద ముందు నడిచే పొట్టేలు."

హైమవతి ఆ పన్నెండు కిలోమీటర్ల లెక్కను మళ్ళీ చూసింది.

"నాలుగేండ్ల కింద నాకు చలిజరం వట్టిందమ్మా," అన్నాడు బీరయ్య. "నెల దినాలు గుడిసెల వడున్న. బిళ్ళ నడకతోనే బతుకుతది, నువ్వు నడువకుంటే అది చస్తది, అది చస్తే నువ్వు చచ్చినట్టే అని మీ సారే చెప్పిపోయిండు. ఏం జెయ్యాలె? కర్రోడైతే పొద్దంత నడుస్తడు. మా కురుమోళ్ళల్ల ముందు పొట్టేలు యాడుంటే కాపరి ఆడున్నట్టే లెక్క. అందుకని వాని మెడకు కట్టిన. జరం తగ్గినంక తీద్దామనుకున్న. మంచిగనే నడుస్తున్నది గద అని ఇడిసిపెట్టిన."

ఆమెకు నవ్వొచ్చింది. పొట్టేలు మేసి, నడిచి, మందలో తలదూర్చి పడుకుంటే దాన్ని మనిషి అన్నారు. అంతకంటే మంచి మనిషి ఈ ప్రాంతంలో లేడని బిరుదు కూడా ఇచ్చారు. చలిజ్వరంతో వణికిన మనిషి ఆ నెలంతా ఎక్కడా లేడు.

లోపం సవరించమని ఆమె అర్జీ పెట్టింది. నిర్ధారిణి క్షణం కూడా ఆలోచించలేదు.

"లోపం లేదు. స్పందన, చలనం, సహవాసం నమోదయ్యాయి. కనుక బీరయ్య ఉండేవాడు. అవి ఆగిపోయాయి. కనుక బీరయ్య లేడు."

ఆమె లేచి పర్యవేక్షకుడు విద్యాధర్ గదికి వెళ్ళింది. ఆయన అంతా విన్నాడు, కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేడమ్, అది పొట్టేలని మనం రాసినమనుకో, నిర్ధారిణిది తప్పన్నట్టయితది. ఒక్కకాడ తప్పంటే వెయ్యి కాడ అడుగుతరు. కోట్లమంది ఉండుడు దీనిమీదనే ఆధారపడ్డది. ముసలాయనకు కొత్త బిళ్ళ ఇప్పిద్దాం. ఆర్నెల్లు మంచిగ నడిస్తే మళ్ళ ఉంటడు."

"ఆయన గొర్రెలు మూడింటికి పోతాయి సార్."

"యజమాని లేని గొర్రెలు మేడమ్. మనమేం జేస్తం?"

విద్యాధర్ కిటికీలోంచి గాజుగది స్పష్టంగా కనిపిస్తుంది. బీరయ్య కర్రమీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూస్తూనే విద్యాధర్ ఆ మాట అన్నాడు. హైమవతికి ఒళ్ళు మండిపోయింది. తెలియక అన్న మాట అయితే సర్దిచెప్పవచ్చు. చూస్తూ చూస్తూ లేడనే మనిషికి ఏం చెప్పాలి?

తిరిగొచ్చి కూర్చుని, "కర్రోడు ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగింది.

"సంతల అమ్మిన తల్లీ. మోకాళ్ళు పోయినయి వానికి, గుట్ట ఎక్కలేకపోయె. ఉన్నిల బిళ్ళ యాడ ఇరికిందో కనబడలే. యాడనో పడిపోయింది అనుకున్న. అమ్మినంక రెండు దినాలు బువ్వ తినబుద్ధి కాలే."

ఆమె చివరి జాడను విప్పి చూసింది. సంత నుంచి బండిలో పదకొండు కిలోమీటర్లు. ఆ తర్వాత కొత్తగట్టు ఊళ్ళోకి, ఈ వీధిలోకి, ఈ ఆవరణలోకి. ఆగిన చోటు కేంద్రం వెనక రేకుల కింద వంటశాల. ఆమె తేదీ చూసింది. అది కేంద్రం తొమ్మిదో వార్షికోత్సవం. ఆ రోజు విద్యాధర్ ప్రతి ఉనికీ మనకు పవిత్రమేనని ప్రసంగించాడు. తర్వాత భోజనాల బంతి వేశారు. కూర బాగుందని ఆమె రెండోసారి వడ్డించుకుంది.

కంచే చేను మేసిందంటే ఇదే. బతికి ఉన్నాళ్ళూ పొట్టేలును మనిషి అన్నారు, ఆకలేసినప్పుడు పొట్టేలు అన్నారు, ఇప్పుడు దాని చావును తీసుకొచ్చి ఈ ముసలాయన నెత్తిన పెట్టారు.

రెండుంపావు అయింది. హైమవతి తొమ్మిదేళ్ళలో ఎన్నడూ తెరవని పత్రం తెరిచింది. అసహజ మరణం. హత్యకు గురైన పౌరుడి ఆస్తిని విచారణ ముగిసేదాకా అంగుళం కూడా కదపకూడదన్న నిబంధన ఆమెకు తెలుసు. హతుడు: కడారి బీరయ్య, ఆదర్శపౌరుడు. స్థలం: స్థితి కేంద్రం వంటశాల. విధానం: కోసి, వండి, తినడం. నిందితులు: వార్షికోత్సవంలో భోజనం చేసిన ముప్పై ఒక్కమంది.

పేర్లు రాసే ముందు ఆమె నిబంధన మళ్ళీ చదివింది. నిందితుల స్థితి ఆ క్షణం నుంచే నిలిచిపోతుంది. ఇంటి తలుపు తెరుచుకోదు, బస్సు ఎక్కనివ్వదు, రేపు తాను కూడా ఆ గాజుగదిలో యాభై ఎనిమిది కిలోల బరువే. అయినా మొదటి పేరు తనదే రాసింది. రెండోది విద్యాధర్‌ది రాసింది. మిగతావి వరసగా రాసి, ధ్రువీకరించింది.

నిర్ధారిణికి అందులో తప్పు కనబడలేదు. దాని లెక్క ప్రకారం అంతా నిజమే. కేంద్రంలో ముప్పై ఒక్క బల్లల దీపాలూ ఆరిపోయాయి. బందెలదొడ్డి గేట్లు బయటి నుంచి మూతపడ్డాయని, లారీలు ఖాళీగా నిలబడిపోయాయని కబురు వచ్చింది. విద్యాధర్ పరుగున వచ్చాడు.

"పిచ్చి లేసిందా మేడమ్ నీకు? మనం తిన్నది పొట్టేలు! మనిషిని కాదు!"

"ఆ మాటే రాసి సంతకం పెట్టండి సార్. కేసు ఇప్పుడే కొట్టేస్తారు."

"నేనెట్ల రాస్తా?"

"ఎందుకు రాయరు? ఇందాక నిలబడ్డ మనిషిని చూస్తూ లేడన్నారు కదా. నోటికి అంత సులువైంది చేతికి కష్టమా?"

పరీక్ష కోసం బయట వరసలో నిలబడ్డ జనం ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. అప్పుడు నిర్ధారిణి మాట్లాడింది.

"హత్య కేసులో హతుణ్ణి ఎరిగిన మనిషి అతణ్ణి కంటితో చూసి గుర్తించాలి. ఇది పాత చట్టం. రద్దు కాలేదు. హతుణ్ణి ఎరిగినవారు ఎవరైనా ఉన్నారా?"

స్థితిపటం మీద వార్షికోత్సవం నాటి వంటశాల చిత్రం ఒకటి వచ్చింది. గుంజకు కట్టేసిన నల్ల పొట్టేలు, మెడ కింద ఉన్నిలో ఇరుక్కుని తళుక్కుమంటున్న బిళ్ళ.

బీరయ్య గాజుకు దగ్గరగా వచ్చాడు. చాలాసేపు చూశాడు. గొంగడి అంచుతో కళ్ళు తుడుచుకుని అరచేయి గాజుమీద పెట్టాడు.

"నేనున్న," అన్నాడు. "నేను ఎరుగుదు వీన్ని. వీని తల్లికి పాలు లేకుంటే నా చేతులతోని మేకపాలు తాపి సాకిన. వీడు కర్రోడు. మీరు తిన్నది కర్రోన్ని. బీరయ్యను నేను."

గాజులోంచి నిర్ధారిణికి తెలిసింది, సాక్షి చెయ్యి వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. సాక్షిని నమోదు చేయకుండా కేసు ముందుకు సాగదు. నిర్ధారిణి నమోదు చేసింది. పటం మీద రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి వెలిగాయి. సాక్షి కడారి బీరయ్య, ఉన్నాడు. హతుడు కడారి బీరయ్య, లేడు.

రెండింటిలో ఏదీ చెరగలేదు. ఒకే మనిషి ఉన్నాడనీ లేడనీ తేలేసరికి నిర్ధారిణి లెక్క ఆగిపోయింది. పక్క ఊరి కేంద్రంలో దీపాలు ఆరిపోయాయని ఎవరో అరిచారు. ఆ తర్వాత జిల్లా కేంద్రంలో కూడా ఆరిపోయాయని తెలిసింది. హైమవతి తన బల్ల వెనక నుంచి లేచి వెళ్ళి, గాజుగది తలుపును చేత్తో తోసి తెరిచింది.

"దయచేసి," అంది నిర్ధారిణి, "మనిషి ఎవరైనా వచ్చి చూడండి."