క్యారేజీలో అడుగు గిన్నె

చదివేవారికి దండాలు. నాకు అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ జారిపోతుంటాయి. చెయ్యి కూడా నెమ్మది. ఈ కథ రాయడానికి ఒక వర్షాకాలం పట్టింది. తప్పులు కనబడితే మీరే దిద్దుకుని చదువుకోండి.

ఆ రోజు ఉదయం పాలు మాడిపోయాయి. పొయ్యి దగ్గరే నిలబడ్డ కూర్మమ్మకు తెలియలేదు. మధ్యగదిలో మంచం మీద పడుకున్న కోడలు సౌందర్యకు తెలిసింది.

"అత్తయ్యా, మాడు వాసనొస్తంది. పొయ్యి కాడ లేవేటి?"

"ఉన్నానే. కడుపుతో ఉంటే ముక్కు ఇలాగే పని సేస్తాది. శ్రీను కడుపులో ఉన్నప్పుడు పక్కూళ్లో పోపేసినా నాకు తెలిసీది," అని నవ్వేసింది కూర్మమ్మ.

పొయ్యి ఆపి గిన్నెలోకి వంగి చూసింది. అడుగంతా నల్లబడింది. వాసన మాత్రం లేదు. ఇంగువ డబ్బా తీసి ముక్కుకు ఆనించుకుంది. సుద్దపొడి వాసన చూసినట్టే ఉంది. రాత్రి నుంచి గొంతు గరగరలాడుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది.

బరంపురంలో వీధికి నాలుగిళ్ల చొప్పున తలుపులకు కరోనా కాగితాలు అంటిస్తున్న శ్రావణం అది. రోగం ఎక్కడ అంటిందో ఆమెకే తెలియదు. ముందు వారం తమలపాకుల కోసం వీధి చివరిదాకా వెళ్లొచ్చింది. అక్కడే కావచ్చు.

ఆ ఇంట్లో జాగ్రత్తకు లోటు లేదు. సౌందర్యకు ఎనిమిదో నెల. డాక్టరమ్మ మంచం దిగవద్దంది. మంచం మీద నుంచే ఆమె ఫోన్లో చదివి చెప్పేది, కూర్మమ్మ చేసేది. కిరాణా సరుకు వస్తే సంచి అరుగు మీదే ఉండాలి. పొట్లాలు తుడిచి లోపలికి తేవాలి, సంచి పారెయ్యాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కూరగాయలు మటుకు ఉత్త ధార నీళ్ల కిందే కడగాలి. మొదటి రోజు ఆ సంగతి తెలియక కూర్మమ్మ బీరకాయల్ని బట్టల సబ్బుతో తోమేసింది. "మీ అమ్మ పప్పుకి నురగొస్తంది" అని సౌందర్య పడీపడీ నవ్వింది. శ్రీను ఆ పప్పును చడీచప్పుడు లేకుండా పెరట్లో పారబోశాడు.

మధ్యాహ్నం అన్నం పైడన్న దగ్గర నుంచి వచ్చేది. కూర్మమ్మకు మోకాళ్ల నొప్పులు, రెండు పూటలా వంట చెయ్యలేదు. పైడన్న భార్య వండితే, పైడన్న సైకిలు మీద ఆరిళ్లకు క్యారేజీలు ఇచ్చేవాడు. అతని తండ్రి అప్పయ్యది, కూర్మమ్మది కొడల పట్నం దగ్గర ఒకే ఊరు. అప్పయ్య ఆమెను చెల్లీ అనేవాడు, ఆ వరసన పైడన్నకు ఆమె అత్త. గేటు దగ్గర బల్ల మీద క్యారేజీ పెట్టి, గంట రెండుసార్లు కొట్టి, అతను రోడ్డు అవతలికి వెళ్లి నిలబడాలి. కూర్మమ్మ దాన్ని తెచ్చుకుని, కూరలు ఇంటి గిన్నెల్లోకి వంపి, పొగలొచ్చేదాకా వేడి చేసి, చేతులు కడుక్కుని వడ్డించాలి. ముందురోజు క్యారేజీ తోమి బల్ల మీద పెట్టాలి. ఇది సౌందర్య పెట్టిన పద్ధతి. మూడు నెలలుగా ఒక్కపూట తప్పలేదు.

ఇప్పుడు రోగం తనకే వచ్చిందని చెప్పడానికి కూర్మమ్మకు నోరు పెగల్లేదు.

నెల కిందట పక్కింటి కాశీవిశ్వనాథంగారి తలుపుకు కాగితం అంటించినప్పుడు, ఆమె డాబా మీద నిలబడి నలుగురూ వినేలా అన్న మాట ఉంది. "జొరమొచ్చినా దాసిపెట్టుకున్నారు సూడు. సదువుకున్నోలే, బుద్ధి నేదు." ఆ మాట తిరిగి తన మీదికి వస్తుంది. రంభ ఊరి నుంచి సౌందర్య పుట్టింటివాళ్లు వచ్చి కూతుర్ని తీసుకుపోతారు. తనను ఏ క్వారంటైన్ కేంద్రానికో పంపేస్తారు. పుట్టబోయే బిడ్డను ఎత్తుకోనిస్తారో లేదో.

అందుకని ఒక ఉపాయం ఆలోచించింది.

"ఈ నెల నాకో మొక్కున్నాది. నన్నెవులూ తాకకండి. నా కంచం, నా గలాసు ఏరే. వీధి గదిలో పడుకుంటాను. సౌందర్యా, నీకేటి కావాలన్నా శ్రీనుని అడుగు."

"మొక్కుకి మాస్కు కూడానేటే?" అన్నాడు శ్రీను. అతను మందుల దుకాణంలో పని చేస్తాడు, ఆ రోజుల్లో దానికి సెలవు లేదు; మధ్యాహ్నం భోజనానికి మటుకు ఇంటికొచ్చేవాడు.

"దేవుడి కాడ తుమ్మకూడదురా."

వాళ్లు నమ్మారు. ఆమె చెంబు ఆమె తోముకుంది, బట్టలు విడిగా ఉతుక్కుంది. క్యారేజీ తెచ్చి వడ్డించే పని కూడా మొక్కు పేరుతోనే శ్రీనుకు వదిలేసింది. కోడలి గడపలోకి అడుగు పెట్టలేదు. లోపలివాళ్లను కాపాడుకుంటున్నానని మనసులో తృప్తి కూడా పడింది.

మూడోరోజు జ్వరం కాస్త తగ్గింది. ముందు వారమే అప్పయ్య కోసం చేసి ఉంచిన సున్నుండలు గుర్తొచ్చాయి. అతనికి పళ్లు లేవు, నోట్లో కరిగేవంటే ప్రాణం. పైగా అన్నం తెచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఆమె పుట్టి బుద్ధెరిగాక లేదు. కాస్త పంచదారైనా వేసి ఇవ్వాలి. అదీ కుక్కకు పడేసినట్టు బల్ల మీద పెట్టకూడదు, చేతికిచ్చి ఒక మాట అడగాలి. అడుగు గిన్నెలో ఆరు సున్నుండలు సర్దుకుని, గంట మోగగానే, శ్రీను ఇంకా రాకముందే గేటు దాటింది.

"అత్తా, బల్ల మీదెట్టు, నాను తీసుకుంతాను," అన్నాడు పైడన్న వెనక్కి జరుగుతూ.

"పట్టుకోరా. మీ నాయిన ఎలాగున్నాడు? ఉగాది పండగెల్లినకాడ్నించి గుమ్మం దాటనియ్యలేదంట?"

పైడన్నకు మాస్కులోంచి మాట సరిగా వినబడలేదు. దగ్గరకు వచ్చాడు. కూర్మమ్మ మాస్కు గడ్డం కిందికి లాగి, మళ్లీ అడిగింది. ఊరి కబుర్లు, అప్పయ్య చెవుడు, బియ్యం ధర, ఇలా పదినిమిషాలు గడిచాయి. మధ్యలో రెండుసార్లు దగ్గింది. "పొగ," అంది.

వారం తరువాత క్యారేజీ రాలేదు. గంట కొట్టే వేళ దాటింది. శ్రీను ఫోను చేసి, సౌందర్యకు కూడా వినబడాలని స్పీకరు పెట్టాడు.

"బావా, నాయినకి ఊపిరాడ్నేదు. పెద్దాసుపత్రిలో ఏసినారు. నాకూ ఉన్నాదని తేలింది. ఒంట్లో ఏటీ నేదు, గానీ ఉన్నాదంట."

శ్రీను ముఖం ఎర్రబడింది. "ఉన్నాదంటావేటి? ఎనిమిదో నెల మనిషికి నీ సేత్తో తిండి పెట్టినావు. ఎక్కడెక్కడ తిరిగినావు?"

"ఎక్కడా తిరగ్నేదు బావా. ఆరిళ్లు, మళ్లీ మా ఇల్లు. ఎవులితోటీ దగ్గర నిలబడి మాటాడ్నేదు. ఒక్క..."

వీధి గదిలో కూర్మమ్మ పక్క మీద లేచి కూర్చుంది.

"ఒక్క ఏటి? సెప్పు."

"ఏటీ నేదు బావా. నాదే తప్పు. క్యారేజీ డబ్బులు ఇయ్యకండి."

"డబ్బులెవుడికి కావాలి? వీధిలో అందరికీ సెప్తాను, నీ కాడ మెతుకు ముట్టుకోవద్దని. మళ్లీ ఎలా వండి అమ్ముతావో సూస్తాను."

పైడన్నకు తెలుసని, తెలిసే తన పేరు మింగేశాడని కూర్మమ్మకు అర్థమైంది. ఆరిళ్ల అన్నమే ఆ ఇంటికి ఆధారం. ఆమె గడప దాకా వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది.

"శ్రీనూ, ఫోను కట్ సేయకు. పైడన్నా, ఇను. ఆ రోజు నాకు జొరం. వాసన తెల్దు, రుసి తెల్దు. తెలిసే నీ కాడికొచ్చినాను. మాస్కు తీసి నీ మొకం మీద దగ్గినాను. పొగని సెప్పినాను. పొగ నేదు."

ఫోనులో సైకిలు గంటలు, ఎవరో పిలుస్తున్న చప్పుడు. "తెలుసత్తా. ఉంతాను," అని పైడన్న పెట్టేశాడు.

సౌందర్య పొట్ట పట్టుకుని మధ్యగది తలుపు దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

"ఎన్నాళ్లనించి?"

"పది రోజులు."

"మరి మొక్కు?"

"మొక్కు నేదు."

"నాకు సెప్పొచ్చు కదా అత్తయ్యా. నానేటి సేస్తాననుకున్నావు? మెడ పట్టి గెంటేస్తాననుకున్నావేటి?"

కూర్మమ్మ తల ఎత్తలేకపోయింది. "కాశీవిశ్వనాథంగారి ఇంటిని నానన్న మాట నీకు తెలుసు కదా," అంది.

శ్రీను ఫోను జేబులో పెట్టుకోబోయి, రెండుసార్లు కింద పడేశాడు.

శ్రీనుకు, సౌందర్యకు పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. కూర్మమ్మను డాబా మీద గదిలో ఉంచారు. వీధికి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ వచ్చి మెట్ల కింద నిలబడి వివరంగా చెప్పింది. "గిన్నెల వల్ల కాదు మౌసీ. మాస్కు లేకుండా దగ్గర నిలబడి మాట్లాడితే వస్తుంది. అయినా ముసలాయనకు మీ నుంచే వచ్చిందని ఎవరూ గట్టిగా చెప్పలేరు." ఆమె మంచికే అంది. కూర్మమ్మ ఆ మాటను పట్టుకుని ఊరట పొందడానికి ఒక పూట ప్రయత్నించింది, కుదరలేదు. వచ్చే ప్రతి పొట్లాన్నీ తుడిచింది, వచ్చే ప్రతి కూరనీ కాచింది. గేటు దాటి బయటికి పోయేది ఏమిటో ఒక్కనాడు చూసుకోలేదు. బయటివాడి ఇంట్లోనూ ఒక లోపల ఉంటుందని, అక్కడ పళ్లు లేని ముసలివాడు కూర్చుని ఉంటాడని తోచలేదు.

రెండోరోజు మధ్యాహ్నం పక్క డాబా మీద నుంచి కాశీవిశ్వనాథంగారి భార్య ఒక చెంబు పిట్టగోడ మీద పెట్టి, దూరం జరిగింది. "గంజి. ఉప్పేశాను. నాకూ అప్పుడు అదే సయించింది." డాబా మీద అన్న మాట ఆవిడకు చేరిందా లేదా అని కూర్మమ్మ అడగలేదు. చేరిందని ఆవిడ కళ్లే చెప్పాయి. ఆ గంజి తాగడానికి గంటసేపు పట్టింది.

అప్పయ్య పందొమ్మిది రోజులకు బతికి ఇంటికొచ్చాడు. మంచం మీద నుంచి లేవలేడట. ఫోను చేద్దామంటే ఆయనకు చెవుడు. తన తప్పు ఇంకొకరి నోట చెప్పించడం కూర్మమ్మకు ఇష్టం లేకపోయింది. అప్పయ్య చిన్నప్పుడు తెలుగు బడిలో చదువుకున్నాడు, కాగితం ఇస్తే చదువుతాడు. కూర్మమ్మకు వేలిముద్ర తప్ప తెలియదు.

డాబా మీద నుంచి కిందికి వంగి, కోడలిని అడిగింది. "నాకు నాలుగు మాటలు రాయడం సూపిస్తావేటి?"

సౌందర్య లోపలికి వెళ్లిపోయింది. ఆమె కోపం ఇంకా పోలేదు. కానీ మర్నాడు సాయంత్రం శ్రీను పెరట్లో కుర్చీ వేశాడు. సౌందర్య అందులో కూర్చుని, పలక మీద పెద్దగా 'అ' రాసి, పైకెత్తి చూపించింది. పిట్టగోడ మీద నుంచి చూస్తూ కూర్మమ్మ బొగ్గుముక్కతో డాబా నేల మీద దిద్దింది. వాన పడి చెరిగిపోయేది. మళ్లీ దిద్దేది. కిందికి దిగాక కూడా చదువు ఆగలేదు. నొప్పులు మొదలైన రోజు కూడా సౌందర్య, "ఒత్తు కింద పెట్టాలి అత్తయ్యా, పక్కన కాదు," అంటూనే ఆటో ఎక్కింది. ఆడపిల్ల పుట్టింది.

పిల్లకు ఇరవయ్యో రోజు దాటాక ఉత్తరం తయారైంది. 'అప్పయ్యన్నా, నాకు జ్వరం ఉందని తెలిసి దాచాను. తప్పు నాది. పైడన్నది కాదు. కూర్మమ్మ.' అంతే. దాన్ని శ్రీనే తీసుకెళ్లాడు. వెళ్లేముందు వీధిలో క్యారేజీ తీసుకునే మిగతా ఐదిళ్ల ముందు ఆగి, పైడన్నది తప్పేమీ లేదని, రోగం తమ ఇంటి నుంచే పోయిందని చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏం జరిగిందో తల్లి అడగలేదు.

సోమవారం గేటు దగ్గర గంట రెండుసార్లు మోగింది. కూర్మమ్మ మాస్కు సరిచేసుకుని వెళ్లేసరికి, పైడన్న రోడ్డు అవతల సైకిలు పట్టుకుని ఉన్నాడు. చెయ్యి ఎత్తాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. దగ్గరకు పోలేదు.

క్యారేజీలో పప్పు, కూర, చారు ఉన్నాయి. అడుగున సున్నుండలు పెట్టిచ్చిన గిన్నె. అందులో రెండు జామకాయలు, ఒక కాగితం. అక్షరాలు వంకరగా ఉన్నాయి, అప్పయ్య చెయ్యి వణికి ఉంటుంది. కూర్మమ్మ సౌందర్యను పిలవలేదు. వేలు పెట్టి తనే కూడబలుక్కుంది.

'చెల్లీ, గిన్నె ఖాళీగా పంపకూడదు కదా. ఇవి మా పెరటివి. నాకు పళ్లు లేవు, నువ్వు తిను. సున్నుండలు బాగున్నాయి.'

ఆమె జామకాయల్ని ధార కింద కడిగింది. కడుగుతుంటే వాసన వచ్చింది. రెండు నెలల తరువాత ముక్కుకు తెలిసిన మొదటి వాసన అది. అప్పయ్య క్షమించాడని తెలిసినా ఆమె సిగ్గు తగ్గలేదు. ఇంకా పెరిగింది. కొళాయి కట్టకుండా అలాగే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సౌందర్య వచ్చి, కొళాయి కట్టేసి, పిల్లను తెచ్చి అత్తగారి చేతుల్లో పెట్టింది.

కూర్మమ్మ,
వయసు 66,
పాత బస్టాండు వెనక వీధి, బరంపురం.